చేనిలో ఇరవై పంటలు, ఇంటిలో ఏడాది గింజలు
జహీరాబాద్ మహిళా సంఘాల వర్షాధార సేద్యం

భారతదేశ వ్యవసాయం అనగానే మన మనోనేత్రం ముందు సాధారణంగా నిలిచేది నిండుగా పారే కాలువ, పచ్చని వరిమడి, నాగలి పట్టిన పురుషుడు. ఈ చిత్రంలో సత్యం సగమే. మన దేశంలో సాగవుతున్న భూమిలో దాదాపు సగం నేటికీ ఆకాశం వైపే చూస్తోంది. ఇక నాగలి వెనుక నడుస్తూ విత్తనం జారవిడిచేది, మునుం పట్టి కలుపు తీసేది, కోసేది, చెరిగేది, మరుసటి ఏటికి గింజ దాచేది స్త్రీ. అయినా 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాలలో స్త్రీల నిర్వహణలో ఉన్నవి సుమారు 14 శాతం మాత్రమే. శ్రమ ఒకరిది, పట్టా మరొకరిది.

ఇటీవలి దశాబ్దాలలో ఈ వర్షాధార సేద్యానికి మరొక చిక్కు వచ్చిపడింది. తొలకరి ఆశ పెట్టి వెనుకకు పోతుంది. విత్తిన తరువాత మూడు నాలుగు వారాలు చినుకు ఉండదు. ఆపైన నెల రోజుల వాన రెండు రోజులలో కురిసి పైమట్టిని వాగుల పాలు చేస్తుంది. శాస్త్రజ్ఞులు దీనిని వాతావరణ మార్పు అంటున్నారు. ఒకే పంటను నమ్మి, అప్పు తెచ్చి, ఎకరమంతా దానినే వేసిన రైతుకు ఇటువంటి ఏడాది ఒక్కటి చాలు, కోలుకోవడానికి అయిదేళ్ళు పడుతుంది.

ఐక్యరాజ్యసమితి 2026 సంవత్సరాన్ని అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఈ సందర్భంలో, కాలం కలిసిరాని ఏడాదిలో సైతం ఇంట్లో పొయ్యి ఆరిపోకుండా చూసుకునే విద్యను నలభై సంవత్సరాలుగా సాధన చేస్తున్న మహిళా రైతులను మన పాఠకులకు పరిచయం చేయడం సముచితమని భావిస్తున్నాము. వారు ఎక్కడో దూరాన లేరు. హైదరాబాదు నుండి ముంబయి వెళ్ళే జాతీయ రహదారిపై సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ నాలుగు భాషలూ వినిపించే జహీరాబాద్ ప్రాంతంలో ఉన్నారు. ఒకప్పటి మెదక్ జిల్లాలోని ఈ ప్రాంతం 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో ఉంది.

బీడు పడిన నేల, రెండు రూపాయల బియ్యం

జహీరాబాద్ చుట్టుపక్కల నేల అంతా ఒక తీరుగా ఉండదు. మిట్టలపై పలుచని ఎర్రనేల, గులక. పల్లపు ప్రాంతాలలో నల్లరేగడి. నీటి వసతి ఉన్నవారు చెరకు, అల్లం, బంగాళాదుంప పండిస్తారు. ఆ వసతి లేనివారిది వానపంట. వారిలోనూ అతి బీదలు దళిత కుటుంబాలు. వారికి దక్కిన ఎకరం, అరెకరం భూమి చాలావరకు ఎవరికీ అక్కరలేని గులకనేల. దానిని దున్నడానికి ఎడ్లు లేవు, వేయడానికి ఎరువు లేదు. కనుక సొంత భూమిని బీడు పెట్టి, ఆ ఇంటి స్త్రీలు ఇతరుల చేలలో కూలికి పోయేవారు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రవేశపెట్టింది. ఆ పథకం లక్షలాది పేద కుటుంబాల ఆకలి తీర్చిందన్నది నిర్వివాదాంశం. అయితే మెట్ట ప్రాంతాలలో దానికి మరొక పర్యవసానం కూడా ఉంది. రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే, అంతకన్నా ఎక్కువ ఖర్చు పెట్టి జొన్న పండించడం ఎందుకన్న ప్రశ్న పుట్టింది. జొన్న చేను బీడు పడితే పోయేది జొన్న రొట్టె ఒక్కటే కాదు. జొన్నతోపాటు చొప్ప పోతుంది. చొప్ప లేకపోతే పశువు నిలవదు. పశువు లేకపోతే పెంట లేదు, పెంట లేకపోతే నేలకు సత్తువ లేదు. కలుపు, కోత పనులు లేక కూలి దినాలు తగ్గుతాయి. బయటినుండి వచ్చిన గింజ కడుపు నింపుతుండగానే, లోపల గింజ పుట్టే శక్తి ఒక్కొక్క మెట్టే దిగిపోసాగింది.

సంఘాల ఆవిర్భావం

సరిగ్గా ఆ 1983వ సంవత్సరంలోనే కొందరు మిత్రులు కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థను స్థాపించారు. వారిలో ముఖ్యులు పి.వి. సతీశ్. మైసూరులో జన్మించిన ఆయన దూరదర్శన్‌లో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు టెలివిజన్ పాఠాలు అందించిన ప్రయోగంలోనూ ఆయన పాలుపంచుకున్నారు. పస్తాపూర్ గ్రామం కేంద్రంగా ఈ సంస్థ పని ఆరంభమయింది. గ్రామంలోని బీద స్త్రీలు, అందులో అత్యధికులు దళితులు, ఊరికొక సంఘంగా ఏర్పడ్డారు. పగలంతా కూలిపని, వంటపని ముగించుకొని రాత్రివేళ సమావేశమయ్యేవారు. కాలక్రమాన ఈ సంఘాలు సుమారు 75 గ్రామాలకు విస్తరించాయి. సభ్యులు దాదాపు 5,000 మంది.

సంఘాలు తొలుత పట్టించుకున్నది భూమిని. సొంత బీడును బాగు చేసుకోవడానికి గట్లు వేశారు, రాళ్ళు ఏరారు, చెరువు మట్టి తోలారు. భూమి లేని స్త్రీలు కలిసికట్టుగా ఇతరుల బీడు భూములను కౌలుకు తీసుకొని ఉమ్మడి సేద్యం చేశారు. విడిగా అడిగితే ఒక్క కూలి స్త్రీని నమ్మి భూమి ఇచ్చే ఆసామి ఉండడు. పదిమంది కలిసి అడిగితే ఆ మాటకు బరువు వచ్చింది. కౌలును పంచుకున్నారు, పనిని పంచుకున్నారు, పంటనూ పంచుకున్నారు. షెడ్యూల్డు కులాల కార్పొరేషన్ భూమి కొనుగోలు పథకాలను వినియోగించుకొని కొందరు పట్టాదారులు కూడా అయ్యారు.

ఒక చేను, ఇరవై పంటలు

ఈ మహిళల చేను చూసినవారికి మొదట తోచేది గందరగోళం. వరిమడిలో వలె ఒకే ఎత్తు, ఒకే రంగు కనబడవు. ఒక్క ఎకరంలో ఇరవై, ఇరవైఅయిదు రకాల పంటలు కలిసి ఉండటం ఇక్కడ అరుదు కాదు. అయితే ఈ గందరగోళం వెనుక చక్కని లెక్క ఉంది.

మృగశిర కార్తెలో తొలి వానలకు పచ్చజొన్న, కంది ప్రధాన పంటలుగా విత్తుతారు. వాటి సాళ్ళ నడుమ కొర్ర, సామ, సజ్జ, పెసర, మినుము, నువ్వులు. జొన్న కర్రను ఆసరా చేసుకొని అల్లుకునే అనుములు, బొబ్బర్లు. గట్టు వెంట, సాళ్ళ చివర పుంటికూర. ఇక కోత ఒక్కసారి కాదు. పెసర రెండు నెలలు దాటగానే చేతికి వస్తుంది. కొర్ర, సామ మూడు నెలల లోపు. ఆ తరువాత జొన్న. చిట్టచివర, ఆరు నెలలకు కంది. అంటే శ్రావణ భాద్రపదాల నుండి పుష్యమాసం దాకా చేను విడతలు విడతలుగా ఇంటికి ఏదో ఒకటి పంపుతూనే ఉంటుంది. ఉద్యోగులమైన మనకు నెలజీతం విలువ తెలుసు కనుక, సంవత్సరానికి ఒక్కసారి వచ్చే పంట డబ్బుకూ ఇలా విడతగా వచ్చే గింజకూ గల అంతరం మనం సులభంగా గ్రహించగలం.

నేల లోపల జరిగేది ఇంకొక ముచ్చట. జొన్న వేళ్ళు ఒక లోతున నీరు తీసుకుంటే, కంది తల్లివేరు అంతకన్నా లోతుకు దిగి అడుగున ఉన్న తేమను అందుకుంటుంది. పప్పుజాతి మొక్కల వేళ్ళపై ఉండే బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. ఆకు పరచుకున్న అనుములు, బొబ్బర్లు నేలను కప్పి తేమ ఆరిపోకుండా, కుండపోత వానకు మట్టి కొట్టుకొనిపోకుండా కాపాడతాయి. జొన్న, సజ్జ, కొర్ర వంటి మొక్కలు ఎండలోనూ తక్కువ నీటితో ఎక్కువ పిండిపదార్థం తయారు చేసుకోగల జాతికి చెందినవి. ఎండ తీవ్రమైతే జొన్న తన ఆకును చుట్టుకొని ఊరక నిలబడి, వాన పడగానే మరల ఎదుగుతుంది. వరి ఒక పంటకు వెయ్యి మిల్లీమీటర్లకు పైగా నీరు కోరితే, జొన్నకు అందులో సగం కూడా అవసరం ఉండదు.

ఈ అమరిక యొక్క అసలు విలువ చెడ్డ ఏడాదిలో తెలుస్తుంది. జూలైలో వాన ముఖం చాటేస్తే పెసర దెబ్బతినవచ్చు, కానీ కంది నిలుస్తుంది. సెప్టెంబరులో వానలు ముంచెత్తితే కోతకు వచ్చిన జొన్న నల్లబడవచ్చు, అప్పటికే కొర్ర ఇల్లు చేరి ఉంటుంది. అన్నీ బాగా పండిన ఏడాది అరుదు. అన్నీ పోయిన ఏడాది అంతకన్నా అరుదు. ఒక్క పంట దిగుబడి మాత్రమే లెక్క వేస్తే ఈ చేను వెనుకబడినదిగానే కనిపిస్తుంది. గింజ, పప్పు, నూనె, కూర, పశువుల మేత, పొయ్యిలోకి కందికట్టె అన్నీ కలిపి లెక్క వేసినప్పుడే దాని నిండుదనం తెలుస్తుంది.

మరొక విశేషం ఉంది. మనం కలుపు అని పీకి పారవేసే మొక్కలలో అనేకం వీరికి కూరలు. చెంచలికూర, తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు, పొన్నగంటి వంటివి విత్తకుండానే చేలలో మొలుస్తాయి. పురుగుమందు, కలుపుమందు చల్లని చేనులోనే ఇవి తినడానికి పనికివస్తాయి. కూరగాయ కొనే స్తోమత లేని ఇంట ఇనుము, ఇతర ఖనిజాలు అందేది ఈ ఆకుల వల్లనే. అందుచేత వీరి సేద్యంలో రసాయనాలకు చోటు లేదు. పశువుల పెంట, వానపాముల ఎరువు, వేప కషాయం వీరి సాధనాలు. అప్పు చేసి కొనవలసినది ఏదీ లేకపోవడం చిన్న రైతుకు గొప్ప రక్ష.

సత్యం పంటలు

నల్లరేగడి చేలలో శీతకాలాన సాగు చేసే పంటలను ఈ ప్రాంతపు స్త్రీలు "సత్యం పంటలు" అంటారు. వానాకాలపు తేమ రేగడిలో మిగిలి ఉండగా తెల్లజొన్న, శనగ, గోధుమ, కుసుమ, అవిసె విత్తుతారు. ఆ తరువాత వాన ఉండదు, నీరు పెట్టడం ఉండదు. నేలలో దాగిన తేమతోనూ రాత్రిపూట కురిసే మంచుతోనూ పైరు ఎదిగి గింజ పడుతుంది. మనిషి నీరు ఇవ్వకపోయినా మాట తప్పక పండే పంటలు కనుక ఆ పేరు. నీటికోసం భూగర్భాన్ని వందల అడుగుల లోతుకు తొలుస్తున్న ఈ కాలంలో, ఏ బోరుబావీ లేక పండే చేను ఒకటి ఉన్నదన్న సంగతే మనకు పాఠం.

విత్తనం ఎవరి చేతిలో ఉంటే సేద్యం వారిది

ఇన్ని పంటలు వేయాలంటే ఇన్ని విత్తనాలు కావాలి. అంగడిలో దొరికేవి నాలుగైదు రకాలే. కనుక విత్తనం విషయంలో సంఘాలు మొదటినుండీ స్వావలంబనను లక్ష్యంగా పెట్టుకున్నాయి. కోతకు ముందే స్త్రీలు చేనంతా తిరిగి, మంచి కంకిని ఎంచి, దానిని విడిగా కోసి ఆరబెడతారు. ఏ కంకికి పురుగు పట్టలేదు, ఏది బెట్టకు నిలిచింది, ఏ గింజ రొట్టెకు మెత్తగా వస్తుంది అన్నవన్నీ వారి కంటికి, చేతికి తెలుసు. ఇలా ఏటేటా ఎంచుతూ పోవడం వల్ల ఆ నేలకు, ఆ ఊరి వానకు అలవాటుపడిన విత్తనం తయారవుతుంది.

ఎంచిన గింజను బూడిద, ఎండిన వేపాకు కలిపి, పేడ, మట్టితో అలికిన వెదురు బుట్టలలోనూ కుండలలోనూ దాస్తారు. గ్రామంలో ఒకరిద్దరు స్త్రీలు ఈ విత్తన భాండాగారాలకు బాధ్యులు. ఒక్కొక్కరి ఇంట పదుల కొద్దీ రకాలు ఉండటం కద్దు. అవసరమైన వారు ఒక సోల తీసుకొని, పంట వచ్చాక ఒకటిన్నరో, రెండో సోలలు తిరిగి ఇస్తారు. ఇందులో నగదు ప్రసక్తి లేదు. అప్పు తీసుకున్నవారు గింజతోనే తీర్చడం వల్ల నిల్వ ఏటేటా పెరుగుతుంది, విత్తనం ఊరంతా వ్యాపిస్తుంది. ఒకరి చేను ఎండిపోయినా ఆ రకం మరొకరి చేనులో బతికి ఉంటుంది. ఇన్సూరెన్సు పాలసీ లేని చోట ఇది ఊరి స్త్రీలు తమకు తామే రాసుకున్న బీమా.

కులం రీత్యా ఒకనాడు గడప బయట నిలబడి గింజలు అడుక్కోవలసి వచ్చిన స్త్రీ ఇంటికి, నేడు అదే ఊరి పెద్ద రైతు విత్తనం కొరకు రావడం సామాన్యమైన మార్పు కాదు. సంఘాలు సాధించిన వాటిలో దీనిని ఏ తూనికకూ అందనిదిగా మేము భావిస్తాము.

ఊరిలోనే పండించి ఊరిలోనే పంచే రేషను

1990ల మధ్యకాలంలో సంఘాలు ఇంకొక మెట్టు ఎక్కాయి. బయటినుండి వచ్చే బియ్యం వల్ల ఊరి చేలు బీడు పడుతున్నాయి కదా, మరి రేషను గింజను ఊరి బీడులోనే పండిస్తే ఎలా ఉంటుంది? కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఆర్థిక సహాయంతో సుమారు 30 గ్రామాలలో, రెండున్నర వేల ఎకరాలకు పైగా బీడు భూమిలో ఈ పని ఆరంభించారు.

దాని పద్ధతి వివరంగా తెలుసుకోదగినది. చిన్న రైతుల బీడును సాగులోకి తేవడానికి దున్నకం, పెంట, విత్తనం, కలుపు ఖర్చుల నిమిత్తం అప్పు ఇస్తారు. పని సకాలంలో జరిగిందో లేదో చూసే బాధ్యత సంఘ స్త్రీల కమిటీది. ఒక్కొక్కరికి కొన్ని ఎకరాలు అప్పగిస్తారు. రైతు ఆ అప్పును డబ్బు రూపంలో తీర్చనక్కరలేదు. అయిదు సంవత్సరాలపాటు ఏటా నిర్ణయించిన కొలత చొప్పున జొన్నలు గ్రామనిధికి చెల్లిస్తే చాలు. ఆ జొన్న ఊరిలోనే నిల్వ ఉంటుంది. పాత గింజ అయిపోయి కొత్త పంట చేతికి రాని వానాకాలపు కరవు నెలలలో దానిని బీదలకు తక్కువ ధరకు ఇస్తారు. అలా వచ్చిన సొమ్ము మరుసటి ఏడు మరికొన్ని బీడులకు పెట్టుబడి అవుతుంది.

బీదలెవరో నిర్ణయించడం ఎట్లా? అక్కడ అధికారి లేడు, ఆదాయ ధ్రువపత్రం లేదు. గ్రామస్థులందరూ ఒకచోట చేరి, నేలపై ముగ్గులతో ఊరి పటం గీసి, ఒక్కొక్క ఇంటి స్థితిగతులను బహిరంగంగా చర్చించి నిర్ణయించేవారు. అతి బీదకు ఎక్కువ గింజ, కొంత నయంగా ఉన్న ఇంటికి తక్కువ. నలుగురి ఎదుట జరిగే ఈ నిర్ణయంలో అబద్ధానికి చోటు తక్కువ.

ఈ ఒక్క ఏర్పాటుతో బీడు సాగయింది, కూలి దినాలు పెరిగాయి, పశువుకు చొప్ప దొరికింది, బీద ఇంటికి అలవాటైన తిండి దొరికింది. పైగా గింజను లారీలలో వందల మైళ్ళు తరలించే వ్యయం లేదు. అప్పుపత్రాలు, గోదాము లెక్కలు, పంపిణీ కార్డులు అన్నీ నిర్వహించినవారిలో అనేకులు బడి మెట్టు ఎక్కనివారన్న సంగతి, నిత్యం ఫైళ్ళ మధ్య పనిచేసే మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోదగినది.

మాట కూడా ఒక పంటే

తాము తెలుసుకున్నది తమ ఊరిలోనే నిలిచిపోరాదని సంఘాలు తలచాయి. సంక్రాంతి నాడు మొదలై ఇంచుమించు నెల రోజులు సాగే పాతపంటల జాతర రెండు దశాబ్దాలకు పైగా జరుగుతూ వచ్చింది. అలంకరించిన ఎడ్లబండ్లపై రకరకాల విత్తనాలు నింపిన కుండలు, బుట్టలు పేర్చుకొని పాటలతో ఊరూరా తిరుగుతారు. ప్రతి ఊరిలో బండ్లకు స్వాగతం, ఆపైన చర్చ: ఈ ఏడు ఏ పంట నిలిచింది, ఏది పోయింది, ఎవరివద్ద ఏ విత్తనం ఉంది. పండుగ, వ్యవసాయ సదస్సు రెండూ ఒకటే అయిన సందర్భం ఇది.

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ స్ఫూర్తితో మాచ్‌నూరు గ్రామంలో సంఘ స్త్రీలు స్టూడియో ఏర్పాటు చేసుకొని ఏళ్ళ తరబడి కార్యక్రమాలు రికార్డు చేశారు. స్వచ్ఛంద సంస్థలకు ప్రసార అనుమతి ఇచ్చే విధానం 2006లో వచ్చిన తరువాత, 2008 అక్టోబరు 15న సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జ్‌పై ప్రసారాలు ఆరంభించింది. గ్రామీణ మహిళలే నడిపిన సామాజిక రేడియోలలో ఇది దేశంలో మొట్టమొదటిదిగా పేరు పొందింది. నరసమ్మ అనే ఒకే పేరు గల ఇద్దరు దళిత యువతులు దాని బాధ్యతలు స్వీకరించారు. ఏ కార్తెలో ఏమి విత్తాలి, పురుగుకు ఏ కషాయం, కొర్రతో ఏ వంట, అన్నీ అక్కడి వాడుక తెలుగులోనే. ఇంతేగాక కొందరు స్త్రీలు కెమెరా పట్టి తమ సేద్యంపై తామే చిత్రాలు తీశారు.

2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈ సంఘాలకు ఈక్వేటర్ పురస్కారం ఇచ్చి గౌరవించింది. నాలుగు దశాబ్దాలు వారితో నడిచిన సతీశ్ 2023 మార్చి 19న కీర్తిశేషులయ్యారు. అదే సంవత్సరం మన దేశ ప్రతిపాదనపై ప్రపంచమంతా అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకోవడం కాలం చేసిన చిత్రమైన కూర్పు.

ఇంకా తీరని చిక్కులు

ఈ కథనాన్ని విజయగాథగా ముగిస్తే పాఠకులకు సగమే చెప్పినవారమవుతాము. చిరుధాన్యాల సాగులో శ్రమ ఎక్కువ. కొర్ర, సామ పొట్టు తీయడం రోట్లో దంచే స్త్రీ భుజాలకే తెలుసు. ఊరిలో చిన్న మర లేకపోతే పండించినవారే తినలేని స్థితి. కంకి పాలు పట్టగానే పిట్టలు, రాత్రయితే అడవి పందులు. చదువుకున్న పిల్లలు పట్నం వెళ్ళిపోతే విత్తనం ఎంచే చూపు ఎవరికి అప్పగించాలన్నది తల్లుల ముందున్న ప్రశ్న.

ప్రభుత్వ విధానాలలో మార్పు లేకపోలేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలకు కూడా రేషనులో స్థానం కల్పించింది. 2018లో వీటిని పోషక ధాన్యాలుగా నోటిఫై చేశారు. అయినప్పటికీ దేశంలో చిరుధాన్యాల విస్తీర్ణం 1960ల నాటితో పోలిస్తే సగానికన్నా తక్కువకు పడిపోయింది. రేషను దుకాణాలలో అత్యధిక భాగం బియ్యం, గోధుమలదే. మరొకవైపు నగరాలలో కొర్రలు, సామలు ఆరోగ్య పదార్థాలుగా పేరు తెచ్చుకొని ఖరీదు పెరిగాయి. గింజ ధర పెరగడం రైతుకు మేలే. కానీ ఆ ధర ఆశతో ఇరవై పంటల చేనును ఒక్క కొర్ర చేనుగా మార్చివేస్తే, ఇన్నాళ్ళూ ఇల్లు కాపాడిన అమరిక చెదిరిపోతుంది. పంట పేరు మారినా ఏకపంట ప్రమాదం మారదు. చిరుధాన్యంలో ఉన్న శక్తితో సమానంగా పంటల కలయికలోనూ, అందులో ఏది ఎంత వేయాలో తేల్చే హక్కు స్త్రీ చేతిలో ఉండటంలోనూ శక్తి ఉందన్నది జహీరాబాద్ నేర్పే ముఖ్యమైన పాఠం.

మరికొన్ని రాష్ట్రాలలో

ఈ పాఠం వేరువేరు రూపాలలో ఇతర చోట్ల కూడా కనిపిస్తోంది. కేరళలో 1998లో ఆరంభమయిన కుటుంబశ్రీ ఆధ్వర్యంలో స్త్రీలు బృందాలుగా ఏర్పడి బీడు భూములను కౌలుకు తీసుకొని వరి, కూరగాయలు, అరటి పండిస్తున్నారు. ఒడిశా ప్రభుత్వం 2017లో ప్రారంభించిన చిరుధాన్యాల పథకం క్రింద గిరిజన జిల్లాలలో రైతుల నుండి రాగులు కొని రేషను ద్వారా పంపిణీ చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుండి మహిళా స్వయం సహాయక సంఘాల ఆధారంగా ప్రకృతి వ్యవసాయాన్ని వ్యాపింపజేస్తోంది. తొలకరికి ముందే అనేక రకాల విత్తనాలను పొడి నేలలో చల్లి, నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచే పద్ధతి అక్కడ ప్రచారంలో ఉంది. ఈ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం లభించింది. ఈ అన్నిటిలో సమానమైన అంశం ఒక్కటే: విడిగా బలహీనురాలైన స్త్రీ సంఘంగా నిలిచినపుడు భూమి, విత్తనం, గింజ ఆమె అదుపులోకి వచ్చాయి.

మన వంతు

ఈ విషయాలతో ఉద్యోగులమైన మనకు ఏమి సంబంధం అని ఎవరైనా అడుగవచ్చు. సంబంధం ఉంది. మొదటిది మన వంటిల్లు. వారానికి రెండు పూటలు జొన్న రొట్టె, కొర్ర అన్నం, రాగి సంకటి మన ఇళ్ళలోకి తిరిగి వస్తే, మెట్ట చేనులోని స్త్రీకి ఆ మేరకు నిలకడైన గిరాకీ ఏర్పడుతుంది. కొర్ర, సామలను వండే ముందు కొన్ని గంటలు నానబెడితే అన్నం మెత్తగా వస్తుందని గృహిణులకు మనవి. వీలయినంతవరకు మహిళా సంఘాల వద్దనే కొనడం మంచిది.

రెండవది మన సంస్థలు. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి గల సంస్థలు గడచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత క్రింద వెచ్చించవలసి ఉంది. ఒక మహిళా సంఘానికి పొట్టు తీసే మర, గింజ ఆరబెట్టే కల్లం, నిల్వకు ఒక గది సమకూర్చడానికి అయ్యే వ్యయం పెద్దది కాదు. ఆ ఊరి స్త్రీల భుజాలకు అది తీర్చే భారం చాలా పెద్దది. మన క్యాంటీన్లు, అతిథిగృహాలు సంఘాల నుండి నేరుగా గింజలు కొనే అవకాశాన్నీ పరిశీలించవచ్చు.

మూడవది అన్నిటికన్నా దగ్గరిది. మనలో అనేకుల స్వగ్రామాలలో తాత తండ్రుల నాటి రెండు మూడు ఎకరాల మెట్ట భూమి ఉంది. ఉద్యోగరీత్యా మనం టౌన్‌షిప్పులలో స్థిరపడగా అది తుమ్మ మొలిచి బీడుగా ఉంది. అమ్మడానికి మనసు రాదు, దున్నడానికి తీరిక లేదు. అదే ఊరిలో సాగు చేయగల చేతులు, దాచిన విత్తనం, సంఘ బలం ఉండి భూమి లేని స్త్రీలు ఉన్నారు. వారికి ఆ భూమిని న్యాయమైన కౌలుకు, అయిదారేళ్ళ గడువుతో, రాతపూర్వకంగా ఇవ్వడం మన చేతిలో పని. గడువు ఉంటేనే గట్టు వేస్తారు, పెంట తోలుతారు. వచ్చే సెలవులలో ఊరికి వెళ్ళినపుడు ఈ మాట కుటుంబంలో ఒకసారి చర్చించవలసిందిగా పాఠకులను కోరుతున్నాము. తొలకరి ఏ ఏడూ చెప్పి రాదు, కాబట్టి అది వచ్చేనాటికి నేల సిద్ధంగా ఉండాలి.